సీజను టికెట్టుకు వడ్డీ లేని అప్పు



బియ్యం బస్తాగా కొనేవారికి ఒక ధర పడుతుంది. ఏ రోజుకారోజు కిలో చొప్పున కొట్టులో తెచ్చుకునేవారికి ఇంకొక ధర పడుతుంది. వండుకునేది ఒకే బియ్యం. అయినా చేతిలో ఒక్కసారిగా డబ్బు ఉన్నవారికి తక్కువకు వస్తుంది, లేనివారికి ఎక్కువ పడుతుంది. ఇల్లు నడిపే తల్లులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఉద్యోగానికి వెళ్ళివచ్చే రైలు టికెట్టు విషయంలో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఈ నెల ఆ లెక్కను గూర్చి, దానికి ఇంగ్లాండులో అనేకమంది యజమానులు పాటిస్తున్న ఒక చిన్న ఉపాయాన్ని గూర్చి మాట్లాడుకుందాము.

ఇంగ్లాండు సంగతి మనకెందుకు అని కొందరు అడుగవచ్చు. కొడుకో, కోడలో, కూతురో, అల్లుడో అక్కడి ఆసుపత్రుల్లోనూ కంప్యూటరు కంపెనీల్లోనూ పనిచేస్తున్న తెలుగు కుటుంబాలు ఈనాడు అనేకం. లండను అద్దెలు భరించలేక స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వంటి ఊళ్ళలో కాపురముండి, రోజూ రైలులో లండను వెళ్ళివచ్చేవారు వారిలో ఉన్నారు. అటువంటి ఇంటిలో అద్దె తరువాత లెక్కించవలసిన పెద్ద ఖర్చులలో రైలు చార్జీ ఒకటి. అది మొదటి కారణం. ఈ ఉపాయం మన ఊళ్ళలో కూడా పనికివస్తుందన్నది రెండవ కారణం. దానిని చివర చెబుతాము.

టికెట్టు లెక్క

అక్కడ రోజూ ఒకే దారిలో తిరిగేవారికి సీజను టికెట్టు ఉంటుంది. దానిని వారానికి గాని, నెలకు గాని, సంవత్సరానికి గాని తీసుకోవచ్చు. ధర కట్టడానికి ఒక సూత్రం ఉంది. నెల టికెట్టు ధర వారం టికెట్టు ధరకు 3.84 రెట్లు. సంవత్సరం టికెట్టు ధర వారం టికెట్టు ధరకు 40 రెట్లు. అనగా సంవత్సరం టికెట్టు తీసుకున్నవారు 40 వారాలకు డబ్బు కట్టి 52 వారాలు ప్రయాణం చేస్తారు.

లెక్క సులభంగా ఉండేందుకు వారం టికెట్టు 50 పౌండ్లు అనుకుందాము. ఒకే రైలులో, ఒకే పెట్టెలో ముగ్గురు ఉద్యోగులు ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటివాడు ఏ వారానికావారం టికెట్టు కొంటాడు. సెలవుల నిమిత్తం ఐదు వారాలు తీసివేసినా అతనికి సంవత్సరానికి 2,350 పౌండ్లు అవుతుంది. రెండవవాడు ప్రతి నెల 192 పౌండ్లు పెట్టి నెల టికెట్టు కొంటాడు. అతనికి 2,304 అవుతుంది. మూడవవాడు సంవత్సరం టికెట్టు ఒకేసారి కొన్నాడు. అతనికి అయినది 2,000 పౌండ్లే. ముగ్గురూ అదే స్టేషనులో ఎక్కి అదే స్టేషనులో దిగుతారు.

మూడవవానికి మరొక లాభం కూడా ఉంది. లండను, ఆగ్నేయ ఇంగ్లాండు ప్రాంతాలలో ఇటువంటి సంవత్సరపు టికెట్టును గోల్డ్ కార్డ్ అంటారు. అది ఉన్నవారికి రద్దీ లేని వేళల్లో చేసే ఇతర ప్రయాణాలలో మూడవ వంతు తగ్గింపు దొరుకుతుంది. తోడు వచ్చేవారికి కూడా కొంత తగ్గుతుంది.

మరి ఎవరు సంవత్సరం టికెట్టు కొనగలుగుతున్నారు? 2,000 పౌండ్లు ఒక్కసారిగా తీసి ఇవ్వగలిగినవారు. పెద్ద జీతం వచ్చే అధికారికి అది కష్టం కాదు. అదే ఆఫీసులో నేల తుడిచే ఆమెకు, భోజనశాలలో పళ్ళేలు కడిగే అతనికి అది ఒకటి రెండు నెలల సంపాదన. మన దేశం నుండి కొత్తగా వెళ్ళినవారి స్థితి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. దిగిన నెలలోనే ఇంటికి అడ్వాన్సు కట్టాలి. ఇంగ్లాండులో 2019 నాటి చట్టం ప్రకారం మామూలు ఇళ్ళకు అది ఐదు వారాల అద్దె వరకు ఉండవచ్చు. దానిపైన మొదటి నెల అద్దె, చలి బట్టలు, వంటింటి సామాను. అక్కడి బ్యాంకులకు కొత్త ముఖం గనుక త్వరగా అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ ఎక్కువ. అందువలన ఎవరికి ఆ మూడువందల పౌండ్లు ఎక్కువ అవసరమో వారికే ఆ తగ్గింపు అందకుండా పోతుంది.

యజమాని చేసే సహాయం

ఇక్కడే యజమాని ఇచ్చే సీజను టికెట్టు అప్పు అక్కరకు వస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, పెద్ద కంపెనీలు మొదలుకొని కొన్ని చిన్న సంస్థల వరకు దీనిని ఇస్తున్నాయి. పద్ధతి చాలా సులభం. ఉద్యోగి దరఖాస్తు పెడతాడు. యజమాని టికెట్టు ధర మొత్తాన్ని ఇస్తాడు, లేదా తానే టికెట్టు కొని ఇస్తాడు. ఆ సొమ్మును పది లేక పన్నెండు సమాన వాయిదాలుగా నెలనెలా జీతంలో పట్టుకుంటాడు. వడ్డీ లేదు.

టికెట్టే ఉచితంగా ఇవ్వవచ్చు గదా, అప్పు ఎందుకు అని మీరు అడుగవచ్చు. దానికి కారణం పన్ను. అక్కడి చట్టంలో ఇంటి నుండి పనికి వెళ్ళే రోజువారీ ఖర్చు ఉద్యోగి సొంత ఖర్చు. దానిని యజమాని భరిస్తే అది కూడా జీతం కిందే లెక్కకు వచ్చి పన్ను పడుతుంది. సైకిలు మీద పనికి వెళ్ళేవారి కొరకు 1999లో పన్ను మినహాయింపు తెచ్చారు గాని, రైలు పాసుకు అటువంటిది లేదు. అయితే యజమాని తన ఉద్యోగికి ఇచ్చే చిన్న అప్పుకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ సంవత్సరంలో ఉద్యోగి బాకీ ఏనాడూ 10,000 పౌండ్లు దాటకపోతే, వడ్డీ తీసుకోలేదన్న కారణంగా పన్ను వేయరు. 2014 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 5,000 పౌండ్లే. ఒక జాగ్రత్త ఏమంటే, ఈ పరిమితి టికెట్టు అప్పు ఒక్కదానికే కాదు. అదే యజమాని దగ్గర తీసుకున్న ఇటువంటి అప్పులన్నిటినీ కలిపి చూస్తారు. తరువాత యజమాని దయతలచి బాకీ కొట్టివేసినా, ఆ కొట్టివేసిన సొమ్ము జీతంగానే పరిగణించబడుతుంది.

యజమానికి దీనివలన ఎంత ఖర్చు? 2,000 పౌండ్లు ఇచ్చి పది నెలల్లో తిరిగి రాబట్టుకుంటే, ఆ సొమ్ముమీద సంవత్సరానికి నూటికి 5 వంతున వడ్డీ లెక్కవేసినా 46 పౌండ్లు మించదు. ఉద్యోగికి మిగిలేది 304 పౌండ్లు. ఇచ్చేవాని చేతిలో తరిగినదానికంటే పుచ్చుకున్నవాని ఇంటిలో ఆరు రెట్లు ఎక్కువ మిగులుతున్నది. ఇటువంటి సహాయాలు లోకంలో చాలా లేవు.

పది వాయిదాలా, పన్నెండు వాయిదాలా?

అప్పు పత్రం చేతికి రాగానే చాలామంది పన్నెండు వాయిదాలే అడుగుతారు. నెలకు పట్టుకునేది తక్కువ గనుక అది తేలికగా కనబడుతుంది. పది వాయిదాలైతే నెలకు 200 పౌండ్లు, పన్నెండైతే 167. కాని ఉద్యోగం మధ్యలో మానవలసివస్తే ఏమవుతుందో చూడండి.

సంవత్సరం టికెట్టు మధ్యలో తిరిగి ఇస్తే, మిగిలిన నెలల వంతున డబ్బు వెనక్కు ఇవ్వరు. వాడుకున్న కాలానికి నెల టికెట్టు ధర చొప్పున లెక్కవేసి, అది పోను మిగిలినదే ఇస్తారు. మన ఉదాహరణలో ఆరు నెలలకు 192 చొప్పున 1,152 పౌండ్లు పోతుంది. చేతికి వచ్చేది 848. దానిలో కూడా కొద్దిపాటి రుసుము పట్టుకోవచ్చు.

పన్నెండు వాయిదాలవాడు ఆరు నెలల్లో 1,000 కట్టాడు, ఇంకా 1,000 బాకీ ఉన్నాడు. టికెట్టు ఇచ్చివేసినా 152 పౌండ్లు చేతినుండి పెట్టుకోవాలి. పది నెలల తరువాత మానితే టికెట్టుమీద వచ్చేది 80, బాకీ 333. అప్పుడు 253 పౌండ్లు తక్కువ. ఆ సొమ్మును చివరి జీతంలో పట్టుకుంటారు. ఉద్యోగం పోయిన నెలలో ఆ 253 పౌండ్లు ఎంత అవసరమో ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి.

పది వాయిదాలవాడు ఆరు నెలల్లో 1,200 కట్టాడు. బాకీ 800, టికెట్టుమీద వచ్చేది 848. అప్పు తీరిపోయి ఇంకా కొంత మిగిలింది. నెలకు 200 కట్టుకుంటూ పోతే, టికెట్టు నెలకు 192 చొప్పునే అరుగుతుంది గనుక, ఏ నెలలో మానినా అతడు రుసుము తప్ప పెద్దగా నష్టపోడు. నెలకు 33 పౌండ్లు ఎక్కువ కట్టడం కష్టమే. అయితే పది నెలలయ్యాక రెండు నెలలు జీతం కోతలేకుండా వస్తుంది. భార్యాభర్తలు కూర్చుని ఈ లెక్కను తమ టికెట్టు ధరతో ఒకసారి వేసి చూసుకోవలెనని మా సలహా.

సంతకానికి ముందు చూడవలసినవి

మొదటిది, ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్ళాలి? 2020 తరువాత అనేక ఆఫీసులలో వారానికి రెండు మూడు రోజులే రమ్మంటున్నారు. అటువంటివారికి సంవత్సరం టికెట్టు నష్టమే కావచ్చు. 2021 జూన్‌లో ఇంగ్లాండులో ఫ్లెక్సీ సీజను టికెట్టు వచ్చింది. 28 రోజులలో ఏవైనా 8 రోజులు దానిమీద తిరగవచ్చు. రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పు దొరుకుతుంది గదా అని అక్కరలేని టికెట్టు కొనుట బుద్ధి కాదు.

రెండవది, లండను నగరంలోపలే బస్సులలో, భూగర్భ రైలులో తిరిగేవారికి వేరొక ఏర్పాటు ఉంది. కార్డు తాకించి ఎక్కుతూ ఉంటే, సోమవారం నుండి ఆదివారం వరకు ఒక హద్దు దాటి డబ్బు పట్టుకోదు. వారం టికెట్టు లాభం ముందుగా డబ్బు పెట్టకుండానే దొరుకుతుంది. అయితే నెలకు గాని, సంవత్సరానికి గాని అటువంటి హద్దు లేదు. సంవత్సరమంతా తప్పక తిరిగేవారికి సంవత్సరం టికెట్టు లాభం ఇంకా మిగిలే ఉంది.

మూడవది, జీతంలో ఎంత పట్టుకుంటారు, ఉద్యోగం మానితే ఏమి చేస్తారు అన్నది కాగితంమీద ఉండాలి. ఇటువంటి కోతకు ఉద్యోగి ముందుగా వ్రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అక్కడి 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం చెబుతుంది. చదవకుండా సంతకం పెట్టవద్దు.

నాలుగవది, కాన్పు సెలవు, దీర్ఘకాలపు జబ్బు, ఇల్లు మారడం వంటివి ముందే తెలిస్తే వెంటనే టికెట్టు తిరిగి ఇచ్చివేయాలి. ఇచ్చిన రోజు నుండే లెక్క వేస్తారు గనుక, టికెట్టును బీరువాలో దాచిన ప్రతి వారం డబ్బు కరిగిపోతుంది. పది నెలలు దాటిన టికెట్టుకు దాదాపు ఏమీ రాదు.

ఐదవది, అడగడానికి సిగ్గుపడవద్దు. అనేక సంస్థలలో ఈ సదుపాయం ఉద్యోగుల నియమాల పుస్తకంలో ఒక మూల ఉంటుంది. తెలిసినవారు వాడుకుంటారు, తెలియనివారు నెల టికెట్టు కొంటూనే ఉంటారు. కొత్తగా చేరినవారికి కొన్ని చోట్ల ప్రొబేషను గడువు ముగిసిన తరువాతే ఇస్తారు. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

కట్టివేసే అప్పు, నిలబెట్టే అప్పు

యజమాని దగ్గర అప్పు అనగానే మన పెద్దలకు గుండె ఝల్లుమంటుంది. దానికి కారణం ఉంది. కొడుకు పెండ్లికి ఆసామి దగ్గర తెచ్చిన కొద్ది సొమ్ముకు తండ్రి పాలేరుగా చేరి, ఆయన తరువాత కొడుకు చేరి, ఏండ్లు గడిచినా పద్దు తీరని కుటుంబాలు మన పల్లెలలో ఉండేవి. ఆ వెట్టిని 1976 నాటి చట్టం నేరమన్నది. అయినా ఇటుక బట్టీలలోనూ వలస కూలీల మధ్యనూ అడ్వాన్సు అనే పేరుతో మనిషిని కట్టివేసే పద్ధతి పూర్తిగా పోలేదు. కనుక పెద్దల భయాన్ని మేము తేలికగా తీసివేయము.

అయితే అప్పులన్నీ ఒకటి కావు. ఏది ఎటువంటిదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేయాలి. దానికి వడ్డీ ఉందా? అది ఏ నెలలో తీరుతుందో ఈనాడే చెప్పగలమా? రేపు ఈ పని మానుకొని వెళ్ళిపోదలిస్తే వెళ్ళిపోగలమా? ఆసామి ఇచ్చిన అప్పులో మొదటి రెండు ప్రశ్నలకు జవాబు అతని పద్దు పుస్తకంలోనే ఉండేది, మూడవదానికి జవాబే ఉండేది కాదు. పది వాయిదాల టికెట్టు అప్పులో వడ్డీ లేదు, చివరి నెల ముందే తెలుసు, మానదలచినవాడు టికెట్టు ఇచ్చివేసి బాకీ తీర్చుకొని వెళ్ళిపోగలడు. మేము వాయిదాల లెక్కను అంత వివరంగా చెప్పినది ఇందుకే. నెలకు ముప్పై పౌండ్ల తేడాలో, మనిషి తన ఇష్టప్రకారం పని మారగలడా లేదా అన్న సంగతి కూడా ఇమిడి ఉంది.

మన ఊళ్ళలో

ఇక మన సంగతికి వద్దాము. తెనాలి, గుంటూరుల నుండి విజయవాడకూ, కాజీపేట నుండి సికింద్రాబాదుకూ సీజను టికెట్టుమీద తిరిగే ఉద్యోగులను మనమందరము ఎరుగుదుము. మన రైల్వేలో కూడా ఇదే సూత్రం చిన్నదిగా ఉంది. మూడు నెలల టికెట్టు ధర నెల టికెట్టుకు 2.7 రెట్లు, ఆరు నెలలకు 5.4 రెట్లు, సంవత్సరానికి 10.8 రెట్లు. నెలకు 300 రూపాయలు కట్టేవాడు పన్నెండు నెలల్లో 3,600 కడతాడు. సంవత్సరం టికెట్టు కొంటే 3,240తో సరిపోతుంది. మిగిలేది 360 రూపాయలు. చిన్న సొమ్మే. కాని నెలనెలా క్యూలో నిలబడే శ్రమ కూడా తప్పుతుంది. జీతం ఆలస్యమైన నెలలో టికెట్టు లేక సెలవు పెట్టవలసిన పరిస్థితి రాదు.

యజమాని ముందుగా ఇచ్చి వాయిదాలలో పట్టుకోవడం మనకు కొత్త కాదు. సర్కారు ఉద్యోగాలు చేసినవారు పండుగ అడ్వాన్సు, సైకిలు అడ్వాన్సు ఎరుగుదురు. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఒక్క పర్యాయం వడ్డీ లేకుండా 10,000 రూపాయల పండుగ అడ్వాన్సు ప్రకటించినప్పుడు కూడా వాయిదాలు పదే. పండుగకు ఇవ్వగలిగినది ప్రయాణానికి ఎందుకు ఇవ్వకూడదు?

మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. అన్ని రకాల బస్సులకూ కాకపోయినా, పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు అది పెద్ద ఊరట. అయితే రాత్రి కాపలా కాసే వాచ్‌మన్, బడి బస్సు నడిపే డ్రైవరు, ఆసుపత్రిలో ల్యాబు పనిచేసే కుర్రవాడు, రైలు తప్ప దారి లేని ఊరి ఆయా, వీరికి చార్జీలు ఇంకా జేబులోనుండే పోతున్నాయి.

మా పాఠకులలో పాఠశాలల, ఆసుపత్రుల కమిటీలలో ఉన్నవారు ఉన్నారు. దుకాణాలు, ముద్రణాలయాలు నడిపేవారు ఉన్నారు. వారికి మా మనవి ఒక్కటే. మీ దగ్గర పనిచేసేవారు ఏ ఊరినుండి ఎలా వస్తున్నారో, నెలకు ఎంత పెడుతున్నారో ఈ నెలలో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. పదిమంది సిబ్బందికి తలకు మూడువేల చొప్పున ముప్పైవేలు ముందుగా ఇచ్చి, పది నెలల్లో రాబట్టుకోవచ్చు. దానికి ఒక చిన్న కాగితం వ్రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. వడ్డీ వేయకండి. పని మానేవానిని ఆ బాకీ చూపి ఆపకండి. దానిని పదిమందిలో చెప్పుకొని వారిని చిన్నబుచ్చకండి. అది ధర్మం చేయడం కాదు, ముందు ఇచ్చి తరువాత పుచ్చుకోవడం మాత్రమే. పుచ్చుకునేవారు తల ఎత్తుకొనే పుచ్చుకోవాలి.

పరదేశంలో ఉన్న పిల్లలకు ఈ వారం ఫోను చేసినప్పుడు, మీ ఆఫీసులో సీజను టికెట్టు అప్పు ఇస్తారా, వాయిదాలు పదా, పన్నెండా అని అడగండి. ఇన్నాళ్ళూ నెల టికెట్టే కొంటున్నారేమో. సంవత్సరానికి మిగిలే ఆ మూడువందల పౌండ్లు ఏ ఇంటికైనా పనికివచ్చే సొమ్మే.